అదే పదివేలు

ఆసుపత్రి నుంచి మనిషి ఇంటికి తిరిగి వచ్చాడంటే అతని వెనకాలే మూడు వస్తాయి. మొదట బత్తాయి పళ్ళు. తర్వాత సలహాలు. చివరికి, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అనే ఒక మాట: "పోనిద్దురూ, ప్రాణం దక్కింది. అదే పదివేలు."

ఈ మాట నేనూ చాలా ఇళ్ళ గుమ్మాల్లో అన్నాను. అనడానికి సులువు, వినడానికి ఇంపు, పైగా పైసా ఖర్చు లేదు. ఆ పదివేలు ఎవరు లెక్కపెట్టారో, అందులో ఏమేమి కలిశాయో, ఏమేమి కలవలేదో ఎన్నడూ ఆలోచించిన పాపాన పోలేదు. రెండేళ్ళ కిందట మా పెద్దక్క నాచేత ఆలోచింపజేసింది. తిట్టి కాదు, అరిచి కాదు. "అవునులే" అని ఒక్క మాట అని.

ముందే చెప్పేస్తున్నాను. అక్క, బావగారు ఇద్దరూ సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. ఊరు మాత్రం దాచను, మాది హనుమకొండ. రిటైరైన లెక్కల మాస్టార్లు మా వూళ్ళో వీధికొకరు దొరుకుతారు కనుక ఫరవాలేదు.

బావగారికి అరవై దాటాక మూత్రం సరిగా రాకపోవడంతో పరీక్షలు చేయించారు. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. ఈ గ్రంథి మగవాళ్ళకే వుంటుంది. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని, పెద్ద ఉసిరికాయంత. అదృష్టం బాగుండి జబ్బు గ్రంథి దాటి పోలేదు. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. పేరెందుకు గాని, మంచి ఆసుపత్రే. కత్తి చక్కగా పనిచేసింది. బావగారు కాజీపేటలో రైలు దిగి తన కాళ్ళమీద తాను నడిచి ఆటో ఎక్కారు. ఇంటినిండా బత్తాయి పళ్ళు. నేనూ ఒక డజను తీసుకెళ్ళాను, నా పదివేల మాటతో సహా.

నాలుగో నెలలో బావగారి మంచం పడకగదిలోంచి ముందు గదిలోకి మారింది. "రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సొస్తున్నది, మీ అక్క నిద్ర చెడగొట్టుడెందుకు?" అన్నారాయన. ఎంత మంచివాడో చూడండి అనుకున్నాం అందరం. ఆ తర్వాత ఇంకొకటి మారింది. పెళ్ళైన దగ్గర్నుంచి వాళ్ళిద్దరికీ ఒక అలవాటు. రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు ఖర్చులు ఆవిడ చెబుతుంటే ఆయన పద్దు పుస్తకంలో రాస్తారు. కొత్తిమీర కట్ట దగ్గర్నుంచి పాలబ్బాయి బాకీ వరకూ. రూపాయి తేడా వస్తే ఇద్దరూ అరగంట వాదించుకుని నవ్వుకుంటారు. ఆ పద్దు ఆగిపోయింది. "మాస్టారు నీరసపడ్డారు" అనుకున్నాం.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు నేను అక్కావాళ్ళింట్లో వున్నాను. సాయంత్రం వేయిస్తంభాల గుడికి వెళ్ళాలి. హాల్లో చాప పరిచి గునుగు, తంగేడు కుప్ప పోసుకుని కూర్చున్నాం. గునుగు కాడలు సమంగా కత్తిరిస్తూ అక్క నెమ్మదిగా మొదలుపెట్టింది.

"మీ బావ నాతోని సరిగ మాట్లాడ్తలేరే. పక్కన కూసుంటే లేచిపోతున్నరు. చెయ్యి పట్టుకుంటే నిప్పు తాకినట్టు గుంజుకుంటున్నరు."

"ఎందుకట్ల?"

కత్తెర ఆగింది. "ఆపరేషనైనంక... ఇగ మా మధ్యల అదేం లేదు. ఆయనతోని అయితలేదు. నాకు అదొక్కటే కావాలని కాదే. కని..."

ఆ "కని" తర్వాత ఏముందో వినాల్సిన మనిషిని నేను. వినలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు మనం చేసే పనే చేశాను. నవ్వాను.

"ఊకో అక్కా! ప్రాణం దక్కింది, అదే పదివేలు. ఈ వయసుల ఇంకా అవన్నీ ఎందుకు మనకు?"

అక్క తల ఎత్తలేదు. తాంబాళంలో తంగేడు ఒక వరస పేర్చి, దానిమీద గునుగు పేరుస్తూ "అవునులే" అంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒక తలుపు ఎంతో కష్టమ్మీద జానెడు తెరుచుకుంటే, నవ్వుతూ మూసి గడియపెట్టి వచ్చానని అప్పుడు తెలిసింది. పైగా ఆ నవ్వుతో మూసే తలుపు నాకు కొత్తా? ముప్ఫై తొమ్మిదో ఏట నాకు గర్భసంచి తీసేశారు. నేను దిగులుగా కూర్చుంటే వచ్చినవాళ్ళంతా ఏమన్నారు? "పిల్లలు పుట్టిన్రు, పెద్దగైన్రు. ఇంక ఆ సంచితోని ఏం పని నీకు?" వాడని కుంపటి అటకెక్కించినట్టే మాట్లాడారు. నా ఒంట్లో ఏదో పోయిందని నేననుకుంటుంటే, పోయింది వస్తువే కాదన్నట్టు మాట్లాడారు. ఇది నా ఒక్కదాని గోడు కాదు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ లెక్కలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో ముందు వరుసలో వున్నాయని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇది చదివే వాళ్ళలో ఎంతమందికి ఆ మాటలు చెవుల్లో మోగుతున్నాయో నాకు తెలియంది కాదు. అంత అనుభవం వుండి, అదే మాటను తిరగేసి మా బావగారి మీద విసిరానన్నమాట.

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. ప్రాణం దక్కిన మనిషి ఇంకేదో పోయిందని బాధపడటం అత్యాశా? దేవుడు వరమిస్తే దానికి వంకలు పెట్టడమా?

"ఈ వయసులో రామా కృష్ణా అనుకోక" అనే వాళ్ళున్నారు. నేనూ ఆ జట్టులో మనిషినే కదా. కాని నాకు ఒక సంగతి తోచింది. ఏకాదశినాడు ఉపవాసమున్న మనిషీ, ఇంట్లో గింజలేక పస్తున్న మనిషీ, ఇద్దరూ ఆ పూట తినలేదు. ఇద్దరిదీ ఒకటేనా? తనకు తాను వదులుకున్నది వైరాగ్యం. చేతిలోంచి లాక్కుపోయింది నష్టం. నష్టపోయినవాడి దగ్గరకెళ్ళి "నీకు వైరాగ్యం వచ్చిందయ్యా, మంచిదే" అంటే అది ఓదార్పు కాదు, ఎగతాళి. మన పెద్దలు ధర్మార్థ కామ మోక్షాలని నాలుగింటినీ పురుషార్థాలన్నారు. మూడోదాన్ని లెక్కలో చేర్చడానికి వాళ్ళు సిగ్గుపడలేదు. దాని పేరెత్తడానికి మనమే సిగ్గుపడుతున్నాం.

మాటల సంగతి వచ్చింది కనుక ఇంకొకటి. మన తెలుగులో "సంసారం" అనే మాట వుందే, అది బొంతలాంటిది. ఇల్లు నడపడం సంసారం. పెళ్ళాం, పిల్లలు సంసారం. ఆలుమగలు ఒకటి కావడమూ సంసారమే. అన్నీ ఒక్క మాటలో కుట్టేశాం. అందువల్ల ఎంత ముప్పు వచ్చిందో చూడండి. ఆ చివరిది ఒక్కటి జబ్బువల్ల ఆగితే "సంసారానికి పనికిరాడు" అనేస్తాం. నలభై ఏళ్ళు కొత్తిమీర కట్టకు కూడా లెక్క రాసిన మనిషి, పిల్ల జ్వరంతో వుంటే తెల్లవార్లూ కూర్చున్న మనిషి, ఒక్క కత్తిగాటుతో సంసారానికి పనికిరాకుండా పోయాడా? "మగతనం" అన్న మాటా అంతే. ధైర్యానికీ అదే, దానికీ అదే. ఒకటి పోతే రెండోదీ పోయినట్టు మగవాళ్ళు కుంగిపోవడంలో వింతేముంది? ఈ మాటలే వాళ్ళ మంచాన్ని ముందు గదిలోకి మోసుకెళ్ళాయి.

తెల్లారి మా ఆడపడుచు కూతురికి ఫోన్ చేశాను. డాక్టరు. ఎంతో డొంకతిరుగుడుగా అడిగితే, "అత్తా, బత్తాయిపళ్ళ గురించి కాదుగదా నువ్వడిగేది, సూటిగా అడుగు" అంది. అడిగాను. అది గంటసేపు చెప్పింది. అందులో మనకు కావలసినంత చెబుతాను.

మగవాళ్ళలో అంగస్తంభనకు పనిచేసే సన్నటి నరాలు ఆ ప్రోస్టేట్ గ్రంథికి రెండు పక్కలా ఆనుకుని పోతాయిట. పాత ఆపరేషన్లలో అవి ఎక్కడున్నాయో స్పష్టంగా తెలియక దాదాపు అందరికీ దెబ్బతినేవి. 1982లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పాట్రిక్ వాల్ష్ అనే శస్త్రవైద్యుడు ఆ నరాలను కాపాడుతూ గ్రంథిని తీసే పద్ధతి మొదలుపెట్టాడు. ఇప్పుడు వీలున్నచోటల్లా అలాగే చేస్తారు. జబ్బు నరాలదాకా పాకితే మాత్రం వాటినీ తీయక తప్పదు. అయితే నరాలను మిగిల్చినంత మాత్రాన మర్నాడే పనిచెయ్యవు. కదిలించినందుకు అలుగుతాయి. అలక తీరడానికి ఏడాది, ఒక్కొక్కరికి రెండేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. కొందరికి మునుపటంతగా రాకపోవచ్చు కూడా. ఈ సంగతి తెలియనివాడు నాలుగో నెలలోనే "అయిపోయింది" అనుకుంటాడు. మా బావగారు అనుకున్నది అదే.

ఆపరేషన్ కాక రేడియేషన్ ఇస్తే ఈ ఇబ్బంది వెంటనే కనిపించదుట, నెలలూ ఏళ్ళూ గడిచేకొద్దీ మెల్లగా వస్తుంది. మగ హార్మోనును అణచిపెట్టే ఇంజెక్షన్లు కొందరికి ఇస్తారు. ఆ హార్మోను తగ్గిస్తే జబ్బు తగ్గుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు, దానికి 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మందు పడ్డవాళ్ళకు కోరికే సన్నగిల్లుతుంది. ఇక్కడ భార్యలు బాగా గుర్తుంచుకోవాలి. అది మందు చేసే పని, మనసు మారడం కాదు. పెద్దపేగు చివరి భాగంలోనూ, మూత్రాశయంలోనూ క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయినవాళ్ళకూ ఇలాంటి ఇబ్బందే రావచ్చు.

మరి ఉపాయాలు లేవా? వున్నాయి. 1998లో వచ్చిన సిల్డెనాఫిల్ మాత్ర సంగతి అందరూ విన్నదే. కాని గుండె నొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్ళు అది వేసుకుంటే రక్తపోటు పడిపోయి ప్రాణానికే ముప్పు. కనుక చౌరస్తాలో మందులషాపుకెళ్ళి గుసగుసగా కొనుక్కునే వస్తువు కాదది, డాక్టరే రాయాలి. మాత్ర పనిచెయ్యకపోతే గాలి లాగే పంపు లాంటి సాధనం వుంది, ఇంజెక్షన్ వుంది, చివరికి లోపల అమర్చే పరికరమూ వుంది. గ్రంథి తీసేశాక వీర్యం రాదు. అయినా సుఖం తెలియడానికి అది అడ్డు కాదు. ఇంకో తమాషా. ఆపరేషన్ తర్వాత మూత్రం ఆపుకోవడానికి మగవాళ్ళకు నేర్పే కటి కండరాల వ్యాయామం వుందే, దాన్ని 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు ప్రచారంలోకి తెచ్చింది కాన్పులై కండరాలు వదులైన ఆడవాళ్ళ కోసం. మన దగ్గర్నుంచి అప్పుతెచ్చుకున్నది ఒకటైనా వుంది మగవాళ్ళకి!

అన్నట్టు, క్యాన్సర్ పక్కన పడుకుంటే అంటుకోదు. ముట్టుకుంటే అంటుకోదు. చదువుకున్న ఇళ్ళలోనూ ఈ భయం మిగిలే వుంది కనుక చెబుతున్నాను.

ఇంకో మాట, తల్లులకు. ఈ బాధ అరవై దాటినవాళ్ళదే కాదు. ఇరవై, పాతికేళ్ళ కుర్రాళ్ళకూ వృషణాల్లోనో రక్తంలోనో క్యాన్సర్ వస్తుంది, చాలామందికి నయమవుతుంది. కాని కొన్ని మందులవల్ల పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు. వైద్యం మొదలుపెట్టకముందే వీర్యం తీసి, అతిశీతలంలో భద్రపరచవచ్చు. మొదలయ్యాక అడిగితే ఆలస్యమైపోతుంది. "అబ్బాయి ముందు ఇదెలా అడగడం" అని తల్లి ఆగితే, రేపు ఆ అబ్బాయి ఎవరినడగాలి?

ఇదంతా విని నేను దాన్నొక్కటే అడిగాను. "మరి ఇవన్నీ ముందే ఎందుకు చెప్పరే మీ డాక్టర్లు?"

"రోగి అడుగుతాడని మేం చూస్తాం. డాక్టరు చెబుతాడని రోగి చూస్తాడు. భర్త ఎత్తుతాడని భార్య చూస్తుంది. అందరం మర్యాదస్థులమే అత్తా" అంది. జాక్ ఆనన్ అనే మనస్తత్వవేత్త 1976లో ఇలాంటి బాధలకు నాలుగు మెట్ల పద్ధతి చెప్పాడట. మొదటి మెట్టు మందు కాదు, సలహా కాదు. అనుమతి. "ఈ సంగతి ఇక్కడ మాట్లాడవచ్చు" అని మనిషికి తెలియజెయ్యడం. ఎంతోమందికి సగం బరువు అక్కడే దిగిపోతుందిట.

అనుమతి! మా అక్క గునుగుపూల ముందు కూర్చుని నన్నడిగింది అదే. నేను ఇవ్వనిది కూడా అదే.

మీరు అనవచ్చు, "గుట్టు అనేది ఒకటుంది గదమ్మా, మగవాడి మానం మనం కాపాడాలి గదా" అని. నిజమే. గుట్టు మంచిదే. కాని గుట్టు ఇంటి గడపకు కట్టే తోరణం, ఆలుమగల మధ్య కట్టే గోడ కాదు. వీధికి చెప్పకపోవడం గుట్టు. ఒకరికొకరు చెప్పుకోకపోవడం ఒంటరితనం. మన తరంలో వారపత్రికలో డాక్టర్ సమరం గారి ప్రశ్నలూ జవాబుల పేజీని మడతలో దాచుకుని చదవనివాళ్ళెవరు? ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ ప్రశ్నలు దొంగచాటుగా చదివాం. పక్క మంచమ్మీది మనిషి మనసులో ప్రశ్న మాత్రం అడగలేకపోయాం.

అలాగని రేపట్నుంచి భార్యలంతా భర్తల వెంటపడి డాక్టర్ల దగ్గరికి ఈడ్చుకెళ్ళమని కాదు. ఒత్తిడి చేస్తే అదింకో పరీక్ష అవుతుంది, ఆ పరీక్షలో తప్పుతానన్న భయం మొదటి బాధకంటే పెద్దదవుతుంది. "నాకు ఈ మందులూ సాధనాలూ ఏం వద్దు" అని ఆయనంటే అదీ ఒక జవాబే, గౌరవించాలి. కాని అడగకుండా వచ్చిన మౌనం జవాబు కాదు. ఇంకోటి కూడా వుంది. అడిగే ఆవిడకీ ఒక ఒళ్ళుంది, ఒక మనసుంది. ఆవిడ తన కోసమూ అడగవచ్చు. దానికి ఎవరి క్షమాపణా అవసరం లేదు.

సద్దుల బతుకమ్మ నాటికి అక్కను మళ్ళీ కలిశాను. పద్మాక్షి గుట్ట దగ్గర జనం ఇసుక వేస్తే రాలడంలేదు. బతుకమ్మను నీళ్ళలో వదిలి, గట్టుమీద సద్దుల ముద్ద చేతిలో పెట్టుకుని, "అక్కా, ఆనాడు నేనన్నది తప్పు. ఈ వయసుల ఎందుకన్నందుకు నా నోరు కాల" అన్నాను. డాక్టరు పిల్ల చెప్పిందంతా చెప్పాను. అక్క కాసేపు నీళ్ళకేసి చూసింది. "ఏడాదికి కూడ రావచ్చన్నదా? ఆయనకు ఎవ్వరు చెప్పలేదే" అంది.

నాకప్పుడే తోచింది. మన పండగకు మనవాళ్ళు పెట్టుకున్న పేరు ప్రాణమ్మ కాదు, బతుకమ్మ. ప్రాణం డాక్టరు ఇవ్వగలడు. బతుకు మాత్రం పక్కనున్న మనుషులు కూడా ఒక చెయ్యి వెయ్యాలి. మా అమ్మమ్మ కాలంలో రాచపుండు అంటే గొంతు తగ్గించేవాళ్ళు, తిరిగొస్తారన్న ఆశే తక్కువ. 1955లో హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరున్న క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. 2000లో బసవతారకం ఆసుపత్రి వచ్చింది. ఇప్పుడు ఎంతోమంది తిరిగి ఇంటికొస్తున్నారు. తిరిగొచ్చేవాళ్ళుంటేనే ఈ ప్రశ్న పుడుతుంది. అందుకని ఇది అత్యాశ కాదు, గెలిచిన తర్వాత మిగిలిన పని.

తర్వాత కథ అక్క చెప్పిందే. కార్తీకంలో ఒక రాత్రి తన మంచం తానే ఈడ్చుకుంటూ ముందు గదిలోకి పోయిందట. "ఏంది?" అన్నారట బావగారు. "లోపల ఉక్కపోస్తున్నది" అందట. హనుమకొండలో, కార్తీకంలో, ఉక్కపోత! లెక్కల మాస్టారికి ఆ మాత్రం అబద్ధం తెలియదా? ఏమీ అనలేదట. లేచి, తన మంచం గోడ వైపు జరిపి చోటిచ్చారట.

నాలుగైదు రాత్రుల తర్వాత చీకట్లో ఆయనే అన్నారట. "చెయ్యి పట్టుకుంటే ఆశ పెట్టినట్టయితది. తీర్చలేను గద. అందుకనే దూరంగున్న."

"నాకు చెయ్యే కావాలె" అందట అక్క.

నెలలోపల ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన అక్కకూ కుర్చీ వేయించి, "మాస్టారూ, ఇది నేనే ముందు చెప్పవలసింది" అన్నాడట. ఆ తర్వాత ఏమైందని అడిగే హక్కు నాకు లేదు, మీకూ లేదు. నాకు కనిపించేది మాత్రం చెబుతాను. ముందు గదిలో రెండు మంచాలూ పక్కపక్కనే వున్నాయి. రాత్రి పద్దు మళ్ళీ మొదలైంది.

మొన్న వాళ్ళింట్లో కూర్చుని వుండగా దూరపు చుట్టం ఒకాయన వచ్చాడు, బత్తాయిలతో. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి చెప్పులు తొడుక్కుంటూ అననే అన్నాడు. "ఏమైతేనేం మాస్టారూ, ప్రాణం దక్కింది. అదే పదివేలు."

బావగారు కళ్ళజోడు పైకి తోసుకుని అక్కకేసి చూశారు.

"పదివేలు నిజమే. కని దాని మీది చిల్లర కూడ మనదే గద" అన్నారు.

అక్క మొహం ఎర్రబడింది. పద్దు పుస్తకం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.